ఇద్దరు మంగతాయార్లు

వకుళ కంప్యూటర్‌కి రాసిన పదకొండు వరుసల్లో తప్పుందని రెండేళ్ళ పాటు ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడానికి కారణం ఆ వరుసలు చక్కగా పనిచెయ్యడమే. చక్కగా పనిచేసేదాన్ని మళ్ళీ తెరిచి చూసే ఓపిక ఏ ఆఫీసులో ఎవరికుంటుంది?

ఆ ప్రయోగశాల కాకినాడలో, హార్బరుకి వెళ్ళే దారిలో ఉంది. మెదడుకి జ్వరమెక్కి గతం పోగొట్టుకున్నవాళ్ళని అక్కడికి తీసుకొస్తారు. పోయిన జ్ఞాపకాన్ని మళ్ళీ పుట్టించడం ఎవరివల్లా కాదు. కానీ ఆ రోజున పక్కనే ఉన్న మనిషి మాటేమిటి? పెళ్ళిపీటల మీద కూర్చున్నది ఒక్కరే కాదు కదా. భర్త మరిచిపోతే భార్యకి గుర్తుంటుంది. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తలకి మెత్తటి పట్టీ చుట్టి, ఆ రోజుని తలుచుకోమంటారు. కుర్చీ దాన్ని తునకలు తునకలుగా రాసుకుంటుంది. తరవాత అలాంటి ఇంకో కుర్చీలో పడుకున్న భర్త మెదడుకి ఆ తునకలు అందుతాయి. డాక్టర్ ఆదిశేషు ఇరవై ఏళ్ళు తిండీ తిప్పలూ మానుకుని కనిపెట్టింది ఇదే.

అయితే అరువు జ్ఞాపకం అరువుదని తెలియాలి. తెలియకపోతే మనిషికి మతి చెదురుతుంది. అందుకని ప్రతి తునకకీ అది ఎవరిదో చెప్పే గుర్తు తగిలించి ఉంటుంది. కంప్యూటర్ భాషలో దాన్ని నేమ్‌స్పేస్ అంటారు. అక్కడ ప్రోగ్రాములు రాసే వకుళ దాన్ని మొదటి రోజునుంచీ ఇంటిపేరు అనేది, పోనుపోను అందరికీ అదే అలవాటైపోయింది. కిందటేడు తుని నుంచి వచ్చిన హెడ్మాస్టరుగారు చికిత్సయ్యాక తన పెళ్ళిని తలుచుకుని పడీపడీ నవ్వారు. "నా మొహం నాకే కనిపిస్తోందమ్మా. బాసికం పక్కకి జారిపోయుంది. ఇది మా ఆవిడ చూసింది" అన్నారు. ఇంటిపేరు చేసే పని అంతే. జ్ఞాపకం నీ తలలో ఉన్నా, చూసిన కళ్ళు ఎవరివో చెబుతుంది.

కుర్చీ రాసిన ఫైలు రోగికిచ్చే మిషనుకి నేరుగా అర్థం కాదు. మధ్యలో దాన్ని మార్చి రాసేది వకుళ తయారుచేసిన స్టైల్‌షీట్ అనే ప్రోగ్రాం. మొదట్లో అది ఇచ్చే ఫైలు చూస్తే కళ్ళు తిరిగేవి. ప్రతి మనిషికీ ఇరవై నాలుగు అంకెల చిరునామా. ఆ చిరునామా మొత్తం ప్రతి తునక నెత్తినా మళ్ళీ మళ్ళీ పడేది. జ్ఞాపకం ఒక వరుస, చిరునామా మూడు వరుసలు, కాస్త శుభ్రంగా ఇవ్వండి వకుళగారూ అని ఆదిశేషు విసుక్కున్నాడు.

నిజానికి దానికి సరైన పద్ధతి ఒకటుంది. చిరునామాలన్నిటినీ ఫైలు మొదట్లో ఒక్కసారి చెప్పేసి, ఒక్కోదానికీ ఒక ముద్దుపేరు పెట్టి, కింద ఆ ముద్దుపేరే వాడుకుంటే చాలు. ముద్దుపేరు ఏదైనా ఫరవాలేదు, మిషను చూసేది దాని వెనకున్న చిరునామానే. వకుళకి ఈ సంగతి తెలుసు, కొత్తగా చేరినవాళ్ళకి తనే పాఠం చెప్పేది. కానీ ఆ రోజు ఆవిడకి ఇంకో ముచ్చటైన ఆలోచన వచ్చింది. అంకెల చిరునామానే తీసి పారేసి, దాని స్థానంలో ఆ మనిషి ఇంటిపేరూ పేరూ పెడితే? ఫైలు తెరవగానే ఎవరు ఏమిటో ఇట్టే తెలిసిపోతుంది. పదకొండు వరుసలు రాసింది. ముద్దుపేరు పెట్టాల్సిన చోట అసలు చిరునామాని మార్చేసింది. ఆదిశేషు చూసి మెచ్చుకున్నాడు, నలభై ఒక్కమంది రోగులకి ఆ పదకొండు వరుసలే పనిచేశాయి.

నలభై రెండో మనిషి కుడుపూడి మంగతాయారు. జగన్నాథపురంలో ఉంటుంది, భర్త సూర్యారావు లారీలు బాగుచేసే మెకానిక్. నలభై ఆరేళ్ళ మనిషికి జ్వరం తగ్గేసరికి పాతికేళ్ళ జీవితం తుడిచిపెట్టుకుపోయింది. భర్తని చూసి పలకరించబోయి పేరు రాక ఆగిపోయేది. ఇరవై రెండేళ్ళ కూతురు హారికని నర్సనుకునేది. ఆవిడకి జ్ఞాపకాలివ్వడానికి ముక్తేశ్వరం నుంచి అక్క వచ్చింది. పెద్దనాన్న కూతురు. అక్కాచెల్లెళ్ళు అన్నదమ్ములని చేసుకుని తోడికోడళ్ళయ్యారు. నాలుగు రోజులు ఉదయం పూట కుర్చీలో కూర్చుని, అడిగినవన్నీ తలుచుకుని, పనైపోగానే బస్సెక్కి వెళ్ళిపోయింది.

చికిత్స బ్రహ్మాండంగా జరిగింది. మంగతాయారు భర్తని పేరుపెట్టి పిలిచింది, కూతుర్ని దగ్గరికి తీసుకుంది. ఆదిశేషు అందరికీ స్వీట్లు తెప్పించాడు.

మూడు వారాలయ్యాక హారిక ఒక్కత్తీ ప్రయోగశాలకి వచ్చింది. వకుళ ఎదురుగా కూర్చుని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియనట్టు చున్నీ కొస మెలిపెడుతూ ఉండిపోయింది. అమ్మ తనని కన్నట్టు చెబుతోందట. నొప్పులు ఏ పూట మొదలయ్యాయో, మంత్రసాని ఏమందో, మొదటిసారి పాలు పట్టినప్పుడు ఎలా ఉందో అన్నీ చెబుతోందట. వింటుంటే మొదట్లో బాగానే అనిపించిందని ఒప్పుకుంది.

"మంచిదే కదమ్మా" అంది వకుళ.

"మా అమ్మ నన్ను కనలేదండి. మా పెద్దమ్మ కంది. మా అమ్మకి పిల్లల్లేకపోతే నెలల పిల్లప్పుడు ఇచ్చేసింది. అదేం రహస్యం కాదు, మా ఇంట్లో అందరికీ తెలుసు." హారిక చున్నీ వదిలేసింది. "ఇప్పుడు మా అమ్మ, కన్న బిడ్డని ఎవరికో ఇచ్చేశానని ఏడుస్తోందండి. ముక్తేశ్వరం రేవులో నిలబడి ఇచ్చిందంట. ఆ బిడ్డని వెతికిపెట్టమంటోంది. నేను పక్కనే కూర్చుని అన్నం కలిపి పెడుతుంటే, నాకింకో కూతురుందే, దాన్ని తీసుకురా, అంటోంది. నిజం చెప్పడానికి మాకు నోరు రావట్లేదండి."

వకుళ ఫైళ్ళు తెరిచింది. కుర్చీ రాసినదాంట్లో రోగి చిరునామా ఒకటి, అక్క చిరునామా ఇంకొకటి, ఇరవై నాలుగు అంకెల్లో ఒక్కటీ కలవలేదు. స్టైల్‌షీట్ మార్చి ఇచ్చినదాంట్లో మాత్రం అన్ని తునకలకీ ఒకటే చిరునామా ఉంది. కుడుపూడి మంగతాయారు. అక్క పేరు చేరిక కాగితం మీద వెతికింది. అక్క పేరూ కుడుపూడి మంగతాయారే.

హారికని అడిగితే అందులో వింతేముందన్నట్టు చూసింది. ఇద్దరికీ నాయనమ్మ పేరే పెట్టారు. ఇంట్లో పెద్ద మంగ, చిన్న మంగ అంటారు. పుట్టింటి పేరు ఒకటే, మెట్టినింటి పేరూ ఒకటే. వకుళ ఫైలు మూసేసింది. సర్టిఫికెట్లలో పుట్టింటి పేరూ, రేషన్ కార్డులో అత్తింటి పేరూ పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా ప్రతి కౌంటరు దగ్గరా సంజాయిషీ చెప్పుకునే మనిషి తను. మనవరాళ్ళందరికీ ఒకే నాయనమ్మ పేరు పెట్టడం, ఒకే ఇంటికి ఇద్దరు ఆడపిల్లలనివ్వడం ఎరగని మనిషి రాసుంటే ఏమో అనుకోవచ్చు. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగి తనే ఈ తప్పు చేసింది.

వకుళ సంగతంతా ఆదిశేషుకి చెప్పింది. ముందు మిగతా నలభై ఒక్క ఫైళ్ళూ చూడమన్నాడు. రెండు రోజులు కూర్చుని చూసింది, ఎక్కడా పేర్లు కలవలేదు. ఆ మాట చెప్పినా ఆయన మొహం తేటపడలేదు. నెల దాటితే తునకలు మెదడులో పాతుకుపోతాయి, ఆ తరవాత వాటి ఇంటిపేరు మార్చడం కుదరదు. ఇంకా ఆరు రోజులే ఉంది. ఈలోగా సరైన చిరునామాలతో ఫైలు తయారుచేసి మంగతాయారుని మళ్ళీ కూర్చోబెట్టాలి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వకుళ భర్త శేషగిరితో అంతా చెప్పింది. ఆయన గోరుచిక్కుళ్ళు తుంపుతూ విన్నాడు. ఫైలు సరిచేస్తే సరిపోయేదానికి అంత బెంగెందుకన్నాడు.

"సరిచేస్తే ఏమవుతుందో నీకు తెలీదు" అంది వకుళ. ఆవిడ అప్పటికి ఆ రేవు తునక ఏడుసార్లు చదివింది. కుర్చీలో కూర్చున్న మనిషి కూతురి చిన్నతనం తలుచుకుంటే దాన్ని అంటిపెట్టుకున్నవి కూడా వచ్చేస్తాయి, కుర్చీకి మొహమాటం లేదు. తునకలో గట్టు మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది, ఒళ్ళో బరువు లేదు, రవికె పాలతో తడిసింది. రేవు దాటించే పంటు కదిలి అవతలి ఒడ్డున ఉన్న కోటిపల్లి వైపు సాగిపోతోంది. దాని మీద బిడ్డనెత్తుకుని, గట్టుకి వీపు పెట్టి ఇంకో ఆడమనిషి నిలబడి ఉంది. గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, ఆ మనిషి ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. గట్టు మీది మనిషి చూపు మరల్చలేదు. పంటు అవతల ఆగేదాకా చూసింది.

మర్నాడు వకుళ జగన్నాథపురం వెళ్ళింది. చిన్న మంగ వీధిగుమ్మంలో కూర్చుని ఉంది. వచ్చేపోయే ఆడపిల్లల మొహాలు చూస్తోంది. వకుళని ఆప్యాయంగానే కూర్చోమంది, హారికని కాఫీ పెట్టమంది. బిడ్డ సంగతి ఎత్తగానే ఆ ఆప్యాయతంతా ఆరిపోయింది.

"నేనిచ్చానండి. ఎందుకిచ్చానో తెలీట్లేదు. ఎవరికిచ్చానో తెలీట్లేదు, దాని మొహం గుర్తురావట్లేదు. వీపే గుర్తొస్తంది. పచ్చకోక. ఆయ్, అంత పెద్ద గోదారి దాటింది, ఒక్కసారి తల తిప్పితే దాని సొమ్మేం పోయిందండి? అదసలు ఆడదేనా? దానికి మంచి జరుగుద్దా?"

లోపల కాఫీ గ్లాసు వంటింటి గట్టు మీద పెట్టిన చప్పుడైంది. హారిక బయటికి రాలేదు. వకుళ చెప్పాలనుకున్న మాట చెప్పలేక లేచి వచ్చేసింది. దారిలో ఆటోలో కూర్చుని ఏడ్చింది. చిన్న మంగ తిడుతున్నది తనని తానే. సరైన ఇంటిపేరు పెట్టిన క్షణంలో ఆ వీపు ఎవరిదో ఆవిడకి తెలిసిపోతుంది.

హారిక ఫోను చేసినట్టుంది, రెండో రోజు పొద్దున్నే పెద్ద మంగ వచ్చింది. చెల్లెలి ఇంటికి వెళ్ళకుండా నేరుగా ప్రయోగశాలకే వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంది. జరిగింది వకుళ చెబుతుంటే మధ్యలో అడ్డురాలేదు, కోప్పడలేదు. జ్ఞాపకం ఇచ్చినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోవచ్చని సంతకం పెట్టిన కాగితంలో ఉందా అని మాత్రం అడిగింది. ఉందంది వకుళ.

"అయితే ఆ రేవు ముక్క తీసెయ్యండమ్మా. నేనది ఇస్తానన్లేదు, మీ కుర్చీ లాక్కుంది. సంతోషంగా ఇచ్చానని ఇరవై రెండేళ్ళు అందరికీ చెప్పాను. మా ఆయన పోయేదాకా ఆయనకీ అదే చెప్పాను. మా చెల్లి ఇప్పుడది చూస్తే బతకలేదు."

వకుళ కాగితం రాసిచ్చింది. పెద్ద మంగ ఇంటిపేరుతో సహా పూర్తిగా సంతకం చేసింది. హక్కు ఆవిడది, అందులో వాదించడానికేమీ లేదు. అయినా రోగికి ఏం చెయ్యబోతున్నారో ముందు చెప్పకుండా కుర్చీ ఎక్కించకూడదన్నది ఆదిశేషు పెట్టిన నియమం. దాన్ని తప్పడానికి వకుళకి మనసొప్పలేదు. చెప్పేటప్పుడు అక్క పేరు మాత్రం బయటపెట్టనని పెద్ద మంగకి మాటిచ్చింది.

గడువు రేపటితో ముగుస్తుందనగా చిన్న మంగని తీసుకొచ్చారు. పెద్ద మంగ పక్కగదిలో తలుపు చాటున కూర్చుంది. వకుళ స్టూలు దగ్గరికి లాక్కుని, తన పొరపాటు వల్ల ఇంకొకరి జ్ఞాపకాలు మీ పేరున పడ్డాయని, బిడ్డని కన్నదీ ఇచ్చిందీ మీరు కాదని చెప్పింది. తప్పు నాది, క్షమించమని అడిగింది. కన్నప్పటివి ఎవరివో వాళ్ళ పేరుతో ఉంటాయని, రేవు జ్ఞాపకం మాత్రం తీసేస్తున్నామని, ఇక ఆ బాధ ఉండదని చెప్పింది.

చిన్న మంగ తన ఒట్టి కడుపు మీద చెయ్యి వేసుకుంది. నేను కనలేదా అని రెండుసార్లు అడిగింది. లేదంది వకుళ. ఆవిడ ఏడవలేదు గానీ, మొహంలో ఒక్కసారిగా వయసు మీదపడింది.

"కన్నది నేను కాదంటే కాదండి. అది ఎవరిదో వాళ్ళకి రాసెయ్యండి. రేవుది మాత్రం తీసెయ్యకండి."

"అదే కదమ్మా మిమ్మల్ని బాధపెడుతున్నది."

"ఆ గట్టు మీద నిలబడ్డ మనిషి నేను కాకపోతే, మరి ఆవిడకెవరున్నారండి? ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. నాకు తెలుసు, లోపల్నించి చూశాను కదా. ఇంటికెళ్ళి మొహం కడుక్కుని వంట చేసింది. నేను కూడా మర్చిపోతే ఆవిడ మళ్ళీ ఒక్కత్తే అయిపోద్ది."

వెనక తలుపు తెరుచుకుంది. పెద్ద మంగ వచ్చి, ఎవరి వైపూ చూడకుండా వకుళ ఒళ్ళో ఉన్న తన సంతకం కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకుంది. చిన్న మంగ అక్కని చూసి, నువ్వెప్పుడొచ్చావక్కా అంది. ఇప్పుడేనే, ఆ కుర్చీలో పడుకో, నేనిక్కడే ఉంటానంది పెద్ద మంగ.

కొత్త స్టైల్‌షీట్‌లో పదకొండు వరుసలు లేవు. చిరునామాలన్నీ పైన ఒక్కసారే ఉన్నాయి. ఒకదానికి పెద్ద అని, ఇంకోదానికి చిన్న అని ముద్దుపేర్లు పెట్టింది వకుళ. ఒక్కో తునకా ఎవరి చిరునామా కిందకి వాళ్ళది వెళ్ళిందో లేదో మూడుసార్లు సరిచూసింది. మీట నొక్కింది. నలభై నిమిషాల పాటు గదిలో ఏసీ హోరు తప్ప ఇంకేం లేదు. హారిక అమ్మ కాళ్ళ దగ్గర, పెద్ద మంగ తల దగ్గర నిలబడ్డారు.

చిన్న మంగ కళ్ళు తెరిచింది. పైకప్పుని చూసింది, హారికని చూసింది. తల వెనక్కి వాల్చి అక్క మొహం కిందనుంచి చూసింది.

"పంటు మీద ఉన్నది నేనే కదక్కా."

పెద్ద మంగ తలూపింది.

"ఎందుకు తిరగలేదు నేను?" చిన్న మంగ వకుళ వైపు తిరిగింది. "నేనెందుకు వెనక్కి చూళ్ళేదండి? నా ముక్క ఎక్కడుంది? అది కూడా పెట్టండి."

అది ఎక్కడా లేదు. పంటు మీద నిలబడ్డ మనిషి ఆ పావుగంట ఏమనుకుందో జ్వరం కాల్చేసిన పాతికేళ్ళలో పోయింది. భయపడిందో, సిగ్గుపడిందో, తిరిగి చూస్తే బిడ్డని వెనక్కి ఇచ్చెయ్యాల్సొస్తుందని అనుకుందో, చెప్పగల మనిషి ఆవిడొక్కతే. ఇప్పుడు ఆవిడకే తెలియదు. వకుళ లేదన్నట్టు తలాడించింది. నిన్నమొన్నటిదాకా ఆ స్త్రీని తిట్టిపోసిన మనిషికి, ఇప్పుడు ఆ స్త్రీ తరఫున చెప్పుకోవడానికి ఒక్క ముక్క లేదు. అంత నిస్సహాయంగా ఉన్న మొహాన్ని వకుళ ఆ ప్రయోగశాలలో ఇంతకుముందు చూడలేదు.

"చూశావే" అంది పెద్ద మంగ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"చూశావు, చెయ్యి కూడా ఊపావు. నేనే అప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకుంటన్నాను, చూళ్ళేదు. తరవాత రేవులోవాళ్ళు చెప్పారు."

వకుళ చేతిలో ఫైలుంది. గట్టు మీది మనిషి కళ్ళు పంటు మీదనుంచి ఒక్క రెప్పపాటు కూడా కదల్లేదని అందులో ఉంది. కొంగు లేదు, రేవులోవాళ్ళు లేరు. ఏది ఎవరిదో తేల్చి రాయడమే వకుళ ఉద్యోగం, ఆ ఒక్కరోజు ఆవిడ నోరు మెదపలేదు. ఫైలు బల్ల మీద బోర్లా పెట్టేసింది.

ఫైలు అక్కర్లేదు కూడా. ఆ చూపు ఇప్పుడు చిన్న మంగ తలలోనూ ఉంది, అక్క ఇంటిపేరుతో, పొల్లుపోకుండా. అక్క అబద్ధమాడుతోందని ఆ గదిలో అందరికంటే బాగా ఆవిడకే తెలుసు. అక్క మొహంలోకి అలాగే చూస్తూ ఉంది. పెద్ద మంగ చూపు దించలేదు.

"ఏ చేత్తో ఊపానక్కా?"

"ఎడం చేత్తో."

చిన్న మంగ ఎడం చెయ్యి కొద్దిగా పైకెత్తి, వేళ్ళు విప్పి చూసుకుంది.

"ఆయ్, ఎడం చేత్తోనే అయ్యుంటది. కుడిచేత్తో పిల్లని పట్టుకున్నాను కదా" అంది.